కొమ్ము, పొల్లు: ఇందూరు బోర్డుల కథ

నిజామాబాద్‌లో కంఠేశ్వర్ అనే పేట ఉంది. నీలకంఠేశ్వరుడి గుడి వల్ల వచ్చిన పేరు. గుడి లోపల స్వామికి పూర్తి పేరే. గుడి దాటి రోడ్డు మీదికి వచ్చేసరికి ముందున్న ‘నీల’ రాలిపోయింది, చివరున్న ‘డు’ రాలిపోయింది. విషం ఆగిన కంఠమూ, దాని పక్కన ఒక ఈశ్వరూ మిగిలారు. ఆ మిగిలిన పేరైనా అన్ని బోర్డుల మీదా ఒకేలా ఉండదు. ఒక దుకాణం మీద కంఠేశ్వర్, పక్క దుకాణం మీద కంటేశ్వర్. ఇంగ్లీషులో టి పక్కన హెచ్ పెట్టేవాళ్ళు కొందరు, పెట్టనివాళ్ళు కొందరు. ఆ ఇంగ్లీషు స్పెల్లింగును చూసి కంప్యూటర్‌లో మళ్ళీ తెలుగులోకి దింపితే ఠ కాస్తా త అయి ‘కాంతేశ్వర్’ పుడతాడు. వెయ్యి పేర్లున్న దేవుడు కాబట్టి ఆయనకు పెద్ద ఇబ్బంది ఉండదు.

ఇలాంటి బోర్డులను ఫోటో తీసి నాలుగు నవ్వులు నవ్వుకోవడం మనకు అలవాటే. నాకు ఆ ఆట మీద ఆసక్తి లేదు. తప్పు ఎక్కడ ఉందన్నదానికంటే ఆ అక్షరం అక్కడికి ఏ దారిన వచ్చిందన్నది నాకు పెద్ద ప్రశ్న. మా ఊళ్ళో దారి తెలుసుకోవడానికి బోర్డు చదివేవాళ్ళు తక్కువ. ఆటో అన్నను అడుగుతాం, పాన్ డబ్బా దగ్గర అడుగుతాం, “పాత బస్టాండ్ అవతల” అంటే సరిపోతుంది. మరి దారి చూపించని బోర్డులు ఇన్ని ఎందుకున్నాయి? ఇక్కడ ఎవరు ఉన్నారు, ఎవరి మాట చెల్లుతుంది, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు అన్నది చెప్పడానికే ఉన్నాయని నా అనుమానం. అందుకే ఊరి చరిత్రను బోర్డుల మీద చదవొచ్చు. కాకపోతే పైనున్న రంగు గీకి, కింద ఏ రంగు ఉందో చూడాలి.

చివరి కొమ్ము

ఊరి పాత పేరు ఇందూరు. ఇంద్రుడనే రాష్ట్రకూట రాజు పేరు మీద వచ్చిందని చెబుతారు. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ వైపు రైలు మార్గం పడ్డాక ఇక్కడి స్టేషన్‌కు నిజాం పేరు పెట్టారు. స్టేషన్ పేరే ఊరి పేరైంది, తర్వాత జిల్లా పేరైంది. జిల్లా చరిత్రల్లో దీనికి 1905 అన్న సంవత్సరం కనిపిస్తుంది. అంటే ఊరి పేరు చూసి స్టేషన్‌కు బోర్డు రాయలేదు, స్టేషన్ బోర్డు చూసి ఊరు పేరు మార్చుకుంది. ఇప్పుడు కూడా ముసలివాళ్ళ నోట, సాహిత్య సంస్థల పేర్లలో, పత్రికల జిల్లా పేజీల్లో ఇందూరు వినబడుతుంది. కొన్ని చోట్ల అది ‘ఇందూర్’ అని పొల్లుతో ఉంటుంది, కొన్ని చోట్ల ‘ఇందూరు’ అని కొమ్ముతో ఉంటుంది.

ఈ కొమ్ముకూ పొల్లుకూ మధ్య నూరేళ్ళ పైబడిన రాజకీయం ఉంది. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. ఊరు, చెరువు, గుట్ట, వాగు. హైదరాబాద్ సంస్థానంలో 1880ల్లో పారశీకం స్థానంలో ఉర్దూ పాలనా భాష అయ్యింది. భూమి లెక్కలు, ఠాణా కాగితాలు, కచేరీ తీర్పులు అన్నీ ఉర్దూ లిపిలోకి వెళ్ళాయి. ఆ లిపిలో హ్రస్వమైన అచ్చులను మామూలు రాతలో రాయరు, చదివేవాడు తెలుసుకుని పలకాలి. ఇందూరు చివరి ‘ఉ’ను రాయాలంటే వావ్ అనే అక్షరం పెట్టాలి. అది పెడితే ‘ఇందూరూ’ అని దీర్ఘం చదివే ప్రమాదం. కాబట్టి రాసేవాడికి ‘రే’ దగ్గర ఆగిపోవడమే సులువు. కాగితం మీద ఆగిపోయిన పేరు కొన్నాళ్ళకు నోట్లో కూడా అక్కడే ఆగింది. ఆర్మూరు ఆర్మూర్ అయ్యింది. ఇంకో తమాషా ఏమిటంటే ఉర్దూ లిపిలో మన ఇందూరునూ, మధ్యప్రదేశ్‌లోని ఇండోర్‌నూ ఒకే ఐదక్షరాలతో రాయొచ్చు. బోర్డు మీద పేరు చూసి ఏ ఊరిలో దిగామో చెప్పలేం.

ఇది ఒకవైపు నడిచిన దారి. రెండో వైపు నుంచి కూడా రాకపోకలున్నాయి. తెలుగు తన దగ్గరికి వచ్చిన ప్రతి పరాయి పేరుకూ చివర ఒక కొమ్ము తగిలించి ఇంట్లోకి రానిస్తుంది. బజార్ బజారు అయ్యింది, షహర్ షహరు అయ్యింది. అలాగే హైదరాబాదు, సికింద్రాబాదు, నిజామాబాదు. పాత తెలుగు పుస్తకాల్లో, పాఠ్యపుస్తకాల్లో ఈ రూపాలే ఎక్కువ. అంటే ఉర్దూ ఇందూరు దగ్గర కొమ్ము తీసేసుకుంటే, తెలుగు నిజామాబాద్‌కు కొమ్ము ఇచ్చింది. బాకీ చెల్లిపోయినట్టే.

కానీ చెల్లలేదు. 1956 తర్వాత కొమ్ము ఉన్న రూపం పుస్తకాల భాషగా, పొల్లు ఉన్న రూపం తెలంగాణ నోటి మాటగా స్థిరపడ్డాయి. బళ్ళో ‘నిజామాబాదు జిల్లా’ అని రాసే పిల్లవాడు ఇంటికొచ్చి నిజామాబాద్ అనేవాడు. తెలంగాణ ఉద్యమం వచ్చాక పొల్లుతో పలకడం ఒక హక్కులా కూడా మారింది. మొదట ఉర్దూ కాగితం కొరికేసిన అచ్చు లేకపోవడమే, తర్వాత మన సొంత యాస గుర్తు అయ్యింది. దీంట్లో ఏది అసలు, ఏది కల్తీ అని తేల్చమంటే నా వల్ల కాదు. ఎవరి వల్లనైనా అవుతుందని కూడా అనుకోను.

ఒక అక్షరం మాత్రం మనకు ఉచితంగా దొరికింది. ‘నిజాం’లో ఉన్న ధ్వనిని హిందీలో రాయాలంటే జ కింద చుక్క పెట్టాలి. తెలుగులో ‘ఆ’కారం ముందు వచ్చే జ దంత్యం. జాతర అన్నప్పుడూ జామపండు అన్నప్పుడూ మనం పలికేది అదే. కాబట్టి నిజామాబాద్ అని ఏ గుర్తూ లేకుండా రాసినా తెలుగువాడు దాదాపు సరిగ్గానే చదువుతాడు. నిజాం పేరును చుక్క లేకుండా మోసిన లిపి మనది.

పేటల పొరలు

ఇప్పుడు ఊళ్ళోకి వెళ్దాం. సిటీ బస్సు కిటికీలోంచి కనిపించే పేట పేర్లను వరుసగా చదవండి. ఎల్లమ్మగుట్ట: మొత్తం తెలుగు. కోటగల్లి: కోట మనది, గల్లీ హిందుస్తానీ. గాజుల్‌పేట్: గాజులు మనవి, పేట మనదే, చివరి పొల్లు మాత్రం దఫ్తరుది. ఖలీల్‌వాడి: ముస్లిం పేరుకు మరాఠీ వాసన ఉన్న ‘వాడి’. అహ్మదీ బజార్, గాంధీ చౌక్, సుభాష్ నగర్. ఆసుపత్రులన్నీ ఒక్కచోట చేరిన ఖలీల్‌వాడిలో డాక్టర్ల బోర్డులు ఎంత దట్టంగా ఉంటాయంటే, వెనుక గోడ ఏ రంగో కనబడదు. ఒక మనిషి పేరు, ఆయన పేరు కంటే పొడుగైన డిగ్రీలు, కింద ఎర్రటి బాణం గుర్తు.

మరాఠీ ఎక్కడినుంచి వచ్చిందని అడగాల్సిన పని లేదు. బోధన్ దాటి సాలూర వైపు వెళ్తే మంజీర అవతల మహారాష్ట్ర. వంతెన దాటగానే అవే పొలాలు, అదే నల్ల మట్టి, బోర్డుల మీద మాత్రం దేవనాగరి. 1956 దాకా ఈ రెండు ఒడ్లూ ఒకే హైదరాబాద్ రాష్ట్రం. అవతల ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు ప్రాంతాల్లో తెలుగు ఇళ్ళు ఉన్నాయి, ఇవతల మరాఠీ ఇళ్ళు ఉన్నాయి. నిజామాబాద్‌లో ఒక పాత గ్రంథాలయం పేరు బాపూజీ వచనాలయం. కోస్తాలో అయితే దాన్ని పఠనాలయం అనేవాళ్ళు, లేదా గ్రంథాలయం అనేవాళ్ళు. ఇది మరాఠీ ‘వాచనాలయ’. తెలుగు అక్షరాలు వేసుకుని నిలబడ్డ మరాఠీ మాటని చూసి ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోరు.

బోధన్ పేరు ఇంకా పాతది. ప్రాచీన కాలపు పదహారు మహాజనపదాల్లో ఒకటైన అస్మకకు రాజధాని పోతలి, పోదన అన్న పేర్లతో కనిపిస్తుంది. అది ఈ బోధనే అని చరిత్రకారులు చాలామంది అంటారు. పోదన ఎప్పుడు బోధన్ అయ్యిందో, ద ఎప్పుడు ధ అయ్యిందో ఏ బోర్డూ చెప్పదు. చివర పొల్లు మాత్రం అక్కడా ఉంది.

ఆ చుట్టుపక్కలే ఇంకో రకం పేర్లున్నాయి. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువల కింద సాగు చేయడానికి కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి దిగారు. వాళ్ళు దిగిన చోట్లకు ‘క్యాంపు’ అన్న తోక వచ్చింది. క్యాంపు అంటే గుడారం వేసుకుని కొన్నాళ్ళుండి పోయే చోటు. రెండు మూడు తరాలు గడిచాయి, డాబాలు లేచాయి, గుడులు కట్టారు. ఊరి బోర్డు మీద మాత్రం ఇంకా క్యాంపే. తాత్కాలికం అని ఒప్పుకుంటూ శాశ్వతంగా ఉండిపోయిన మాట అది.

బొగ్గుతో రాసిన బోర్డు

ఊళ్ళోని ఖిల్లా గురించి చెప్పకుండా ఈ వ్యాసం ముందుకు పోదు. కొండ మీది ఆ కోటను నిజాం కాలంలో జైలుగా వాడారు. హైదరాబాద్ సంస్థానపు చివరి రోజుల్లో దాశరథి కృష్ణమాచార్యను అక్కడ బంధించారు. వట్టికోట ఆళ్వారుస్వామి కూడా అదే జైల్లో ఉన్నాడు. పళ్ళు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుతో దాశరథి గోడ మీద పద్యం రాశాడన్నది తెలంగాణలో అందరికీ తెలిసిన సంగతి. జైలు సిబ్బంది దాన్ని చెరిపేశారు. ఆ పద్యంలోని తెలంగాణ మాట తర్వాత ఎన్ని గోడల మీద, ఎన్ని బ్యానర్ల మీద, ఎన్ని నోళ్ళలో తిరిగిందో లెక్క లేదు.

మనం దీన్ని సాహిత్య చరిత్రగా చదువుతాం. కాసేపు బోర్డుల చరిత్రగా చదివి చూడండి. అప్పటి సంస్థానంలో తెలుగు ఎక్కువమంది మాట్లాడే భాష. అయినా ప్రభుత్వం మాట్లాడేది ఉర్దూలో. 1921లో హైదరాబాద్ వివేకవర్ధినిలో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది, దాని నుంచి ఆంధ్ర మహాసభ వచ్చింది. 1937లో ఆ మహాసభ మందుముల నరసింగరావు అధ్యక్షతన మా నిజామాబాద్‌లోనే జరిగింది. అలాంటి చోట ప్రభుత్వపు గోడ మీద తెలుగు అక్షరం రాయడమంటే, ఈ గోడ నాది కూడా అని చెప్పడం. రంగు లేదు, కుంచె లేదు, అనుమతి లేదు. చెరిపేవాడికి ఒక తడిగుడ్డ చాలు. అది చెరిగిపోయింది కూడా. ఊళ్ళో నాకు తెలిసిన బోర్డుల్లో ఎక్కువ కాలం నిలిచింది మాత్రం అదే.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. పాలకుడి ఉర్దూ వేరు, గల్లీ ఉర్దూ వేరు. అహ్మదీ బజార్‌లో టీ హోటల్ మీద ఉర్దూలో రాసిన పేరు ఏ నిజాం ఫర్మానా కాదు. అది ఆ హోటల్ ఆయన ఇంటి భాష. జైలు గోడ మీద తెలుగు ఏ హక్కు అడిగిందో, ఆ బోర్డు మీది ఉర్దూ ఇప్పుడు అదే హక్కు అడుగుతోంది. 1966 చట్టం ఆంధ్రప్రదేశ్‌లో తెలుగును అధికార భాషను చేసింది. 2017 నవంబరులో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా ఒప్పుకుంది. ఆ మరుసటి నెలలోనే హైదరాబాద్‌లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. రెండూ ఒకే చలికాలంలో జరగడం నాకు నచ్చింది.

అక్షరానికి ఎంత చోటు

ఊళ్ళో నాకు అందరికంటే ఇష్టమైన బోర్డు రైల్వే వాళ్ళది. పసుపు పచ్చ మీద నలుపు అక్షరాలు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, ఉర్దూ. దాదాపు ఒకే పరిమాణంలో, ఒకదాని తర్వాత ఒకటి. పసుపు మీద నలుపు దూరం నుంచి, మసక వెలుతురులో, కదులుతున్న కిటికీలోంచి కూడా కనబడుతుంది. అందుకే ఆ రంగులు. అలంకారం ఏమీ లేదు, ఏ నాయకుడి ముఖమూ లేదు. నాలుగు లిపుల వాళ్ళకు ఒకే మర్యాద. ఊళ్ళో ఇంకే బోర్డు దగ్గరా ఈ నలుగురూ ఇంత సమానంగా నిలబడరు.

లిపులను ఒకే పలక మీద కూర్చోబెట్టడం తేలిక కాదు. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు పట్టాలమీది డబ్బాల్లా ఒకే ఎత్తులో ఉంటాయి. సన్నటి పట్టీ ఇచ్చినా సర్దుకుంటాయి. తెలుగుకు పైన గుడి, సుడి కావాలి, కింద వత్తు కావాలి. కంఠేశ్వర్‌లో ‘శ్వ’ చూడండి. శ పైన తలకట్టు, కింద వ వత్తు. ఉర్దూ నస్తాలీఖ్ అయితే కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి జారుతూ నడుస్తుంది, దానికి మెట్లంత ఎత్తు కావాలి. ఇంగ్లీషు కొలతతో గీసిన పెట్టెలో ఈ రెండింటినీ కూర్చోబెడితే రెండూ మెడలు వంచుకుని కూర్చుంటాయి. తెలుగు అక్షరం చిన్నదైపోతుంది, వత్తు పక్క గీతకు తగులుతుంది. కొత్త షోరూమ్‌ల దగ్గర ఇదే చూస్తున్నాం. పైన వెలిగే పెద్ద ఇంగ్లీషు అక్షరాలు, నియమం ఉంది కాబట్టి ఒక మూల స్టిక్కరంత తెలుగు. అక్కడ తెలుగు ఉందనడానికి సాక్ష్యం ఉంటుంది, చదవడానికి మాత్రం ఉండదు.

కుంచెతో బోర్డు రాసిన పెయింటర్లకు ఈ సంగతి చేతికి తెలుసు. సుద్ద పూసిన దారం రెండువైపులా పట్టి లాగి వదిలితే రేకు మీద గీత పడేది. పైన గుడికి ఎంత, కింద వత్తుకు ఎంత అని ముందే వదులుకునేవాళ్ళు. తలకట్టును ఒక్క ఊపులో లాగి చివర సన్నగా వదిలేవాళ్ళు. అక్షరానికి ఒక పక్క నీడ వేస్తే అది రేకులోంచి లేచి వచ్చినట్టు ఉండేది. ఉర్దూ కావాలంటే ఖత్ తెలిసిన మనిషి కావాలి. ఒకే పెయింటర్ రెండూ రాసే ఊళ్ళు తెలంగాణలో చాలా ఉండేవి. కింద మూలన చిన్న అక్షరాల్లో ఆ ఆర్టిస్ట్ పేరు. కవి పద్యం చివర సంతకం పెట్టినట్టు.

ఇప్పటి మాట గమనించండి. అప్పుడు బోర్డు ‘రాయించేవాళ్ళు’. ఇప్పుడు ఫ్లెక్సీ ‘కొట్టిస్తున్నారు’. క్రియ మారిందంటే పని మారినట్టే. ఫ్లెక్సీ చవక, ఒక్క గంటలో చేతికి వస్తుంది, ఫోటో పడుతుంది. చిన్న దుకాణం పెట్టుకునే మనిషికి అది పెద్ద సాయం, కాదనను. కానీ ఎండకు రెండేళ్ళలో వెలిసిపోతుంది, చిరిగితే కొత్తది వస్తుంది. పాతదాని మీద కొత్తది రాయడం ఉండదు, పాతది మొత్తం పోతుంది. రేకు బోర్డు మీద అయితే రంగు పెచ్చులూడినప్పుడు కింద పాత దుకాణం పేరు తొంగిచూసేది. అక్కడ ఇంతకు ముందు ఎవరుండేవారో గోడే చెప్పేది. ఫ్లెక్సీకి ఆ జ్ఞాపకం లేదు.

ఫ్యాక్టరీ పోయింది, పేరు ఉంది

బోధన్‌లో దిగితే షక్కర్ నగర్ అన్న పేరు తప్పించుకోలేరు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1937లో ఏర్పడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ చుట్టూ లేచిన కాలనీ అది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటిగా చెప్పుకున్నారు. సంస్కృత శర్కర పారశీకానికి పోయి షకర్ అయ్యింది, మన దగ్గర చక్కెర అయ్యింది, యూరప్ చుట్టూ తిరిగి షుగర్ అయ్యింది. బోధన్‌లో ఈ మాటలన్నీ ఒకే ఊళ్ళో కలిశాయి. కాలనీ షక్కర్, ఫ్యాక్టరీ షుగర్, ఇంట్లో డబ్బాలో చక్కెర. చెరుకు బండి తోలుకొచ్చిన రైతు మాత్రం ‘ఫ్యాక్టరీ’ అనేవాడు. ఆ ఒక్క మాట చాలేది, ఇంకో ఫ్యాక్టరీ గుర్తుకు వచ్చేది కాదు.

గేటు మీద పేరు మాత్రం మారుతూ వచ్చింది. నిజాం షుగర్ ఫ్యాక్టరీ నిజాం షుగర్స్ అయ్యింది. 2002లో ప్రైవేటు చేతికి ఎక్కువ వాటా వెళ్ళాక నిజాం దక్కన్ షుగర్స్ అయ్యింది. ‘ఫ్యాక్టరీ’ అన్న మాట ముందు పేరులోంచి పోయింది, తర్వాత పనిలోంచి పోయింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించారు. బోధన్‌తో పాటు మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి మంబోజిపల్లి యూనిట్లూ ఆగిపోయాయి. మళ్ళీ తెరుస్తామన్న మాట ప్రతి ఎన్నికలోనూ వినబడింది.

ఇప్పటికీ షక్కర్ నగర్ పేరు కరెంటు బిల్లుల మీద, దుకాణాల మీద, చిరునామాల్లో ఉంది. చక్కెర లేదు. సూచించే వస్తువు పోయాక కూడా సూచిక నిలబడి ఉంటే దాన్నేమంటారో భాషాశాస్త్రం చదివినవాళ్ళు చెప్పాలి. ఆ కాలనీలో బతికినవాళ్ళకు సిద్ధాంతం అక్కర్లేదు. జీతం ఆగిన తేదీ వాళ్ళకు గుర్తుంది. వాళ్ళ దృష్టిలో ఆ పేరు ఒక రసీదు లాంటిది. మాకు రావాల్సింది ఇంకా ఉంది అని చెప్పే కాగితం. దాన్ని ఎవరైనా అందమైన కొత్త పేరుతో మార్చేస్తే పోయేది ఒక పేరు మాత్రమే కాదు.

బోర్డు ముందొచ్చింది

నిజామాబాద్‌లో దీనికి సరిగ్గా తలకిందులైన కథ జరిగింది. ఈ జిల్లా పసుపు పంటకు పేరున్న జిల్లా. పసుపుకు ప్రత్యేకంగా ఒక జాతీయ బోర్డు కావాలని రైతులు ఏళ్ళ తరబడి అడిగారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఆ కోపంతో 178 మంది రైతులు నామినేషన్లు వేసి నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. అన్ని పేర్లూ, అన్ని గుర్తులూ పట్టడానికి ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు ఓటింగ్ యంత్రాలను వరుసగా పేర్చాల్సి వచ్చింది. ఓటరు తన గుర్తును వెతుక్కుంటూ యంత్రాల వెంట నడవాలి. అంత పొడుగు బోర్డు మనం ఇంకెక్కడా చదవలేదు.

గెలిచిన అభ్యర్థి పసుపు బోర్డు తెస్తానని మాటిచ్చాడు. ఏళ్ళు గడిచాయి. 2023 వసంతంలో ఒకరోజు ఊళ్ళో అక్కడక్కడా పసుపు రంగు ఫ్లెక్సీలు వెలిశాయి. వాటి మీద పసుపు బోర్డు అని రాసి, మా ఎంపీ గారు తెచ్చిన బోర్డు ఇదేనన్న అర్థం వచ్చేలా ఒక వాక్యం. అంతే. బోర్డు అన్న ఒక్క మాటకు ఉన్న రెండు అర్థాలను రైతులు పసుపు రంగులో ముంచి రోడ్డు మీద నిలబెట్టారు. ఆ మాట ఇంగ్లీషుది, అయినా ఆ శ్లేషను మన భాషలోనే అంత హాయిగా అనగలం. ఎందుకంటే సంస్థనూ బోర్డే అంటాం, రేకునూ బోర్డే అంటాం. ఆ ఏడాది అక్టోబరులో ప్రధానమంత్రి జాతీయ పసుపు బోర్డును ప్రకటించారు. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా అది మొదలైంది. దాని ఘనత ఎవరికి దక్కాలన్నది పార్టీలు చూసుకుంటాయి. నాకు గుర్తుండేది ఒకటే. బోర్డు కంటే ముందు బోర్డు వచ్చింది.

ఇది మొదటిసారి కూడా కాదు. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో కుర్రాళ్ళు బండి నంబర్ ప్లేట్ల మీద ‘ఏపీ’ చెరిపి ‘టీజీ’ రాసుకున్నారు. అప్పుడది చట్టానికి విరుద్ధం, పోలీసులు ఆపేవాళ్ళు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది, అధికారిక కోడ్ మాత్రం ‘టీఎస్’ అయ్యింది. 2024లో దాన్ని మార్చి ‘టీజీ’ చేశారు. చేత్తో రాసిన రెండక్షరాలు సర్కారు అచ్చులోకి ఎక్కడానికి పదేళ్ళ పైన పట్టింది. మా జిల్లా ప్లేట్ అలా ఏపీ 25 నుంచి టీఎస్ 16, అక్కణ్ణుంచి టీజీ 16 అయ్యింది. మధ్యలో 2016 అక్టోబరులో కామారెడ్డి వేరే జిల్లా అయ్యి, నిజాంసాగర్ కూడా అటే పోయింది. ఇన్ని మారినా ఆర్టీసీ బస్సు నంబర్‌లో ‘జెడ్’ అక్షరం మారలేదు. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో రవాణా మొదలుపెట్టినప్పుడు, నిజాం తల్లి జహ్రా బేగం పేరులోని మొదటి అక్షరాన్ని బస్సుల నంబర్లకు ఇచ్చారని చెబుతారు. ఒక కొడుకు తల్లి పేరును బస్సు మీద రాశాడు. మూడు ప్రభుత్వాల కోడ్‌లు మారినా అది ఎవరి కంటికీ అడ్డు రాలేదు.

చెరపడమా, చేర్చడమా

నిజామాబాద్ పేరు తీసేసి ఇందూరు పెట్టాలని కొన్నేళ్ళుగా రాజకీయ సభల్లో వింటున్నాం. ఇందూరు నాకూ ఇష్టమే. నోరారా కొమ్ముతో పలకడం ఇంకా ఇష్టం. కానీ ఈ ఊరి బోర్డుల్ని ఇంతసేపు చదివాక నాకు అర్థమైన సంగతి ఒకటుంది. ఇక్కడ ఏ పేరూ ఒంటరిగా లేదు. కోటగల్లిలో కోటను ఉంచి గల్లీని తీయలేం. బాపూజీ వచనాలయంలో మరాఠీని తీస్తే చదవడమే పోతుంది. షక్కర్ నగర్‌లో ఉర్దూని తీసేస్తే తెరవాల్సిన ఫ్యాక్టరీ కూడా మరపున పడుతుంది. పాత పేరు గుర్తు చేసుకోవాలంటే రైల్వే బోర్డు పద్ధతి ఉండనే ఉంది. ఇంకో వరుస చేర్చొచ్చు. కిందో పైనో ఇందూరు అని రాయొచ్చు, అదే పరిమాణంలో, అదే నలుపులో. ఒక్కొక్కరూ తమ పేరుతో ఊళ్ళో దిగుతారు.

ఈ పనికి చట్టాల కంటే ముందు కావలసింది కొంచెం చోటు. వత్తు పట్టేంత, నస్తాలీఖ్ జారేంత చోటు. బోర్డు డిజైన్ చేసే కుర్రాళ్ళు ఇంగ్లీషు పెట్టె గీసి అందులో తెలుగును కుక్కకుండా, తెలుగు ఎత్తుతో పెట్టె గీసి ఇంగ్లీషును అందులో పెట్టి చూడాలి. దానికి అదనంగా ఖర్చు లేదు. మున్సిపాలిటీ వాళ్ళు పేట బోర్డులు మార్చేటప్పుడు పాతదాని ఫోటో ఒకటి తీసి దాచాలి. ఏ పెయింటర్ రాశాడో మూలన చూసి పేరు రాసుకోవాలి. మీ ఊళ్ళో కూడా ఇలాంటి రేకు బోర్డులు మిగిలే ఉంటాయి. రంగు పెచ్చులూడిన చోట ఆగి చూడండి. కింద ఎవరి పేరు ఉందో చదవడానికి ఒక నిమిషం పడుతుంది. అది ఏ లిపిలో ఉన్నా, చదివి పెట్టే మనిషి మన ఊళ్ళో ఇంకా ఉన్నాడు.